యాభై రెండు వరసల దుప్పటి

ఒక్క అంకె తప్పు చెప్పి, పదిమంది ఆడవాళ్ళకి మణికట్టు నొప్పులు తెప్పించి, పవర్ హౌస్ బజారులో ఊలుకి కరువు పుట్టించి, కన్నతల్లిని నలుగురిలో తల దించుకునేలా చేసిన మగాడు భిలాయి మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. ఆ మహానుభావుణ్ణి నేనే. జరిగి కొన్నేళ్ళయింది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెబుతున్నాను. అప్పట్లో వరలక్ష్మి పిన్ని ఇంటి ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే వెనక సందులోంచి తిరిగి వెళ్ళేవాణ్ణి.

మగాడికి ఊలుతో పనేమిటని అడగబోతున్నారు కదూ. బైకు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాను. పిండికట్టుతో మంచం మీద పడుంటే మా అమ్మ రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజు నా చేతిలోంచి ఫోను లాక్కుని క్రోషే హుక్కు పెట్టింది.

"ఇది పట్టుకో. కళ్ళన్నా మిగుల్తాయి."

"నేను మిల్లులో ఇనుము సాగదీసేవోణ్ణమ్మా. నాకివేటి?"

"మిల్లు ఇప్పుడు నిన్ను రమ్మంటోందేటి? పట్టుకో."

పట్టుకున్నాను. పట్టుకున్నవాణ్ణి ఊరుకోలేదు. అమ్మ నేర్పిన మామూలు క్రోషే దాటి వీడియోలు చూసి ట్యునీషియన్ క్రోషే నేర్చుకున్నాను. అందులో హుక్కు గరిటె కాడంత పొడుగుంటుంది. వెళ్ళేటప్పుడు కుట్లన్నీ ఒక్కొక్కటే హుక్కు మీదికి ఎక్కించుకుంటూ పోవాలి, వచ్చేటప్పుడు ఒక్కొక్కటే దించుకుంటూ రావాలి. వెళ్ళి వస్తే ఒక వరస. ఈ ఆఖరి వాక్యం మళ్ళీ ఒకసారి చదవండి. నేను చదవలేదు, అందుకే ఇదంతా రాయాల్సి వచ్చింది.

క్యాంప్ వన్‌లో మా ఇంట్లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం అమ్మతో కలిపి పదిమంది ఆడవాళ్ళు ఊలు బుట్టలతో చేరేవారు. లెక్కల టీచరుగా రిటైరైన వరలక్ష్మి పిన్ని వాళ్ళకి పెద్ద. పక్కింటి సుశీల అత్త నోరు పెద్దది. వీళ్ళెవరికీ ట్యునీషియన్ రాదు. నాకు వచ్చు. ఆన్‌లైన్లో పొడుగు హుక్కులు తెప్పించి తలా ఒకటి పంచి, గోడకి ఆనుకుని కాలు చాపి పాఠం చెప్పాను. ఇరవై ఏడేళ్ళ కుర్రాడు చెబుతుంటే అమ్మ వయసు వాళ్ళు నోరెత్తకుండా విన్నారు. గర్వం తలకెక్కకుండా ఎలా ఉంటుంది చెప్పండి.

సరిగ్గా అప్పుడే రూత్ ఆంటీ రిటైర్మెంటు వచ్చింది. రూత్ ఆంటీ ఆస్పత్రిలో నర్సు, ప్రసవాల వార్డు. మా వీధిలో నా వయసు వాళ్ళలో సగం మంది మొదట చూసింది ఆవిడ మొహమే. నేను పుట్టినప్పుడు నాన్న షిఫ్టులో ఇరుక్కుపోతే, తన డ్యూటీ అయిపోయినా ఇంటికి వెళ్ళకుండా అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుందట. మా గదిలో కూర్చున్న పదిమందికీ అలాంటి కథ ఒక్కొక్కటి ఉంది. అందుకే ఆవిడకి ఒక దుప్పటి అల్లి ఇవ్వాలనుకున్నారు. తలా మూడు చదరాలు, మొత్తం ముప్పై, ఒళ్ళో వేసుకుంటే మోకాళ్ళు కప్పేంత.

"కొలత నువ్వు సెప్పురా శీనూ, నీ యిద్య కదా," అంది సుశీల అత్త.

నేను ముప్పై కుట్లతో ఒక చదరం అల్లాను. పొడుగూ వెడల్పూ సమానమయ్యేదాకా వరసలు లెక్కపెట్టాను. ఎలా లెక్కపెట్టానంటే, అక్కడుంది నా గొప్పతనం. మేం రైలు పట్టాలు చేసే మిల్లులో ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మ రోలర్ల కింద ముందుకెళితే ఒక పాస్, వెనక్కొస్తే ఇంకో పాస్. క్యాబిన్లో కూర్చుని ఐదేళ్ళుగా అదే లెక్కపెడుతున్నవాణ్ణి. హుక్కు వెళ్ళినప్పుడు ఒకటన్నాను, వచ్చినప్పుడు రెండన్నాను. యాభై రెండొచ్చింది. గ్రూపులో మెసేజ్ పెట్టాను: ముప్పై కుట్లు, యాభై రెండు వరసలు, ఒక్కటి కూడా తేడా రాకూడదు.

తేడా రాలేదు. అదే వచ్చిన చిక్కు.

వారం తిరక్కుండా వరలక్ష్మి పిన్ని ఫోను చేసింది. "శీనూ, ఇది పొడుగైపోతున్నట్టున్నాదిరా. ఇంకా సగం వరసలే అయ్యేయి, అప్పుడే చదరంలా కనిపిస్తున్నాది."

"మీ చెయ్యి లూజు పిన్నీ. అల్లుతూ ఉండండి, సర్దుకుంటుంది."

ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. అయినా "సరే, నువ్వు సెప్పేవు కదా," అని పెట్టేసింది. తర్వాత సుశీల అత్త చేసింది. ఊలు అయిపోయిందంది. ఆవిడ చెయ్యి బిగువు కాబట్టి ఎక్కువ పడుతుందని చెప్పాను. లూజుగా అల్లినవాళ్ళకీ అయిపోయింది. వాళ్ళకి లూజు కాబట్టి ఎక్కువ పడుతుందని చెప్పాను. నా దగ్గర ప్రతిదానికీ సమాధానం ఉండేది.

ఊలు కోసం చంకలో కర్రలతో ఆటో ఎక్కి పవర్ హౌస్ వెళ్ళాను. కొట్టువాడు ఆ రంగు చివరి ఉండలు సంచిలో పడేస్తూ నన్ను ఎగాదిగా చూశాడు. "భయ్యా, కంబల్ కీ ఫ్యాక్టరీ ఖోలే హో క్యా?" అన్నాడు. దుప్పట్ల ఫ్యాక్టరీ తెరిచావా అని వాడి వెటకారం. నవ్వి ఊరుకున్నాను. అప్పుడైనా అనుమానం రావాలి కదా అంటారు. తనని తాను మేస్త్రీ అనుకునేవాడికి అనుమానం పక్కవాళ్ళ మీదే వస్తుంది.

ఆదివారం చర్చి అయ్యాక రూత్ ఆంటీకి వీడ్కోలు సభ. శనివారం పొద్దున అందరూ మా ఇంట్లో చేరారు, ముక్కలు కలిపి కుట్టడానికి. ముందుగా నా నమూనా చదరం చాప మధ్యలో పెట్టాను. అంచులు కొంచెం పైకి లేచి అప్పడంలా ముడుచుకుంది గానీ, చదరం చదరమే. సుశీల అత్త సంచిలోంచి మొదటి ముక్క తీసింది. తీస్తూనే ఉంది.

"మఫ్లరేటి అత్తా ఇది?" అన్నాను.

"నువ్వు సెప్పినట్టే సేసేను. ముప్పై, యాభై రెండు. మూడు సార్లు లెక్కెట్టేను."

ఒక్కొక్కరూ తీశారు. చాప మీద ముప్పై ముక్కలూ పరుచుకున్నాయి, అన్నీ వెడల్పుకి రెట్టింపు పొడుగు. అది చాలనట్టు ఏ ఇద్దరివీ ఒకే వెడల్పు కావు. సుశీల అత్తది జానెడు కూడా లేదు, పిన్నిది జానెడు దాటిపోయింది. అందరివీ ముప్పై కుట్లే. మిల్లులో రోలర్ల కిందికి ఏ దిమ్మ వెళ్ళినా ఒకే సైజులో వస్తుంది, కాబట్టి అంకె ఒకటైతే చాలనుకున్నాను. ఎవరి చెయ్యి నాలుగంగుళాల్లో ఎన్ని కుట్లు పట్టిస్తుందో ముందుగా ఒక్క ముక్క కొలిచి చూడాలన్న ఆలోచనే రాలేదు. దాన్నే అల్లికలో గేజ్ అంటారని వీడియోలో నేర్పే పిల్ల మొదటి నిమిషంలోనే చెప్పింది. ఆ నిమిషం దాటించి చూశాను.

పిన్ని నా చదరం తీసి, గోటితో నిలువు గీతల్ని పైకి లెక్కపెట్టింది. "ఇరవై ఆరు," అంది. "వెళ్ళినప్పుడొకటి, వొచ్చినప్పుడొకటి లెక్కెట్టేవా?"

"మిల్లులో అలాగే…" అన్నాను.

"మిల్లు లెక్క రూత్ ఒళ్ళోకి వొస్తాదేటి?" అంది అమ్మ. తల దించుకుని ముక్కలు ఏరుతూ కూర్చుంది. కాలు విరిగినప్పుడు కూడా నాకంత నొప్పి పుట్టలేదు. నేను పుట్టినప్పుడు అమ్మ చేతిని పట్టుకుని కూర్చున్న మనిషికి ఇవ్వాల్సిన దుప్పటి, మర్నాడే సభ, ఊలు కొట్టులో కూడా లేదు. ఊడదీసి మళ్ళీ అల్లే సమయం అంతకన్నా లేదు.

ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. పిన్ని ఒక మఫ్లరు తీసి సగానికి మడిచి, వెనక వైపు లోపలికి పోయేలా చాప మీద పెట్టి అరచేత్తో నొక్కింది. చదరమైంది. చెయ్యి తీసినా ముడుచుకోలేదు.

"రెండు పొరలు కదా, ఒకదాన్నొకటి లాక్కుని పడుంటాయి," అంది. "మరి సైజులేటి సెయ్యాలి?"

"నాది చిన్నది, చుట్టూ అంచు ఎక్కువ అల్లుతాను," అంది సుశీల అత్త. "నీది పెద్దది, ఒట్టినే కుట్టీ. అన్నీ నీ దానికి సరిపోయేదాకా పెంచుకుంటాం. ఊలుకి ఇంట్లో మిగిలిన ముక్కలు తెండర్రా, ఏ రంగైనా పరవాలేదు."

ఆ రోజు ఆ గదిలో చూసింది నేను మరిచిపోలేను. మాట్లాడుకుంటూనే అందరూ కలిసి పది రంగుల అంచులు అల్లారు. ఒకరు చాప మీద కొలిచి "ఇంకో రెండు చుట్లు" అనేవారు, ఇంకొకరు టీ అందించేవారు, అమ్మ కుట్టుకుంటూ పోయేది. మా మిల్లులో అంత ఒద్దికగా నడిచే షిఫ్టు నేను చూడలేదు. నా కంటికి ఆ పదిమందీ ఆ పూట ఇంజినీర్లలా కనిపించారు. నాకిచ్చిన పని వదులు పోగులు కత్తిరించడం. ముప్పై ముక్కలూ పనికొచ్చాయి. సరిగ్గా చదరంగా వచ్చిన నాది ఒక్కటే, ఒంటి పొర కాబట్టి, పనికి రాలేదు.

ఆదివారం షామియానా కింద రూత్ ఆంటీ దుప్పటి ఒళ్ళో వేసుకుంది. అంచులు తడిమింది, ఒక్కొక్క ముక్క దగ్గర ఆగి ఎవరిదని అడిగింది. చెప్పిన ప్రతి పేరుకీ ఆ పేరు వాళ్ళ బిడ్డ ఏ వేళ పుట్టిందో చెప్పింది. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను కూడా తుడుచుకున్నాను, మగాణ్ణే అయినా.

"బరువు సూడు ఎంత బాగుందో," అంది ఆంటీ. "రెండు పొరలు వెయ్యాలని ఎవరికి తోచిందమ్మా?"

పదిమందీ నా వైపు చూశారు.

"మా వాడి లెక్కే," అంది పిన్ని, మొహంలో నవ్వు రాకుండా.

ఇక దాచలేక మొత్తం చెప్పేశాను. పాస్‌లు, వరసలు, మఫ్లర్లు, అన్నీ. ఆంటీ పగలబడి నవ్వింది. పదిమందీ నవ్వారు. నవ్వులు తగ్గాక నేను లేచి నిలబడి, చంకలో కర్ర బిగించి, పదిమంది సాక్షిగా రూత్ ఆంటీ చేతిలో చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఇకపై జన్మలో వెళ్ళడాన్నీ రావడాన్నీ విడివిడిగా లెక్కపెట్టను, నమూనా ముక్క కొలవకుండా ఎవరికీ అంకె చెప్పను, ఈ తప్పు మళ్ళీ చేస్తే నా హుక్కు విరిచెయ్యండి.

రూత్ ఆంటీ నా చెయ్యి వదల్లేదు.

"అలాంటి ఒట్లు పెట్టుకోకు నాయనా," అంది. "మా చెల్లికి కూడా ఇలాంటిదే ఒకటి కావాలి. మళ్ళీ ఇలాగే తప్పు లెక్కెట్టు."