ట్యాబు ముందు లచ్చయ్య

2021 చలికాలంలో నన్ను నందికొండ దగ్గరి ఒక ఆరోగ్య ఉపకేంద్రానికి వేశారు. ఏఎన్‌ఎంగా అది నా చివరి పోస్టింగు. ఊళ్లో అందరికీ నేను నర్సమ్మనే. టీకాలు, కాన్పుల రిజిస్టర్లు ముప్పై ఏళ్లుగా చూస్తున్నవే. కొత్తగా వచ్చింది ట్యాబు ఒక్కటే. రోగిని దాని ముందు కూర్చోబెడితే జిల్లా కేంద్రంలోని డాక్టరమ్మ వీడియోలో చూసి మందులు రాస్తుంది. నాకది ఎంత ముద్దొచ్చిందంటే, పాత చీర చించి దానికో సంచి కుట్టాను.

లచ్చయ్య పుట్టి అనే గుండ్రటి తెప్పలో తిరుగుతూ కృష్ణలో వల వేసే మనిషి. డెబ్బై దాటాయి. నాలుగు రోజులుగా పడుకుంటే ఊపిరాడడం లేదని, కూర్చునే కునుకు తీస్తున్నాడని భార్య పోచమ్మ వెంటబెట్టుకొచ్చింది. ఆయనకు మాత్రం పెద్ద దవాఖాన పేరెత్తితేనే కోపం. చేపలు బాగా పడుతున్న రోజులవి. చూస్తే కాళ్లు ఉబ్బాయి. గడియారం పెట్టి లెక్కిస్తే నిమిషానికి ముప్పై నాలుగు శ్వాసలు. ఇరవై దాటితేనే మాకు అనుమానం. వేలికి తొడిగే ఆక్సిజన్ మీటరు ఆ చల్లటి వేళ్ల మీద అంకె చూపనే లేదు. వెంటనే కాల్ కలిపాను.

డాక్టరమ్మ ఛాతీ చూపమంది. లచ్చయ్య చేతులు మోకాళ్ల మీద పెట్టి, నిటారుగా, రెప్పైనా వేయకుండా కూర్చున్నాడు. నెట్‌వర్కు ఆగినట్టుందని ఆమె కట్ చేసి మళ్లీ చేసింది. రెండోసారీ బొమ్మ కదల్లేదు. మూడోసారి వెనక గోడ మీద బల్లి కదిలింది కానీ లచ్చయ్య కదల్లేదు. ఇంత నెమ్మదిగా ఉన్న మనిషికి ముప్పై నాలుగెక్కడివని ఆమె కాస్త గట్టిగానే అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. కాల్ ఆగగానే ఆయన రొప్పడం మొదలుపెట్టాడు. ఊపిరెందుకు బిగబట్టావని అడిగాను.

"ఫోటువ దిగేటప్పుడు ఊపిరి తీస్తరా బిడ్డా? చెడిపోదా?"

పింఛను కార్డుకూ, చేపల సంఘం కార్డుకూ ఫోటో తీసినవాళ్లు అలాగే కూర్చోమన్నారట. డాక్టరమ్మంటే ఇంకా పెద్ద మనిషి కనుక ఇంకా గట్టిగా బిగబట్టాడు. నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. ఇది ఫోటో కాదని ఎంత చెప్పినా ట్యాబు చూడగానే మళ్లీ బిగుసుకుపోతాడు. చివరికి కాల్ కలిపి, ట్యాబును పక్కనున్న మందుల డబ్బాకు ఆనించి, ఆయన్ను నా వైపు తిప్పుకున్నాను. ఈసారి పెద్ద చేప ఏం పడ్డది మామా అని అడిగాను. ముఖం వెలిగిపోయింది.

"బొచ్చె... పన్నెండు కిలోలు... పుట్టిలకు... గుంజేటాలకు..."

మాట పూర్తికాలేదు. చాలు, అంబులెన్సు పిలవమని ట్యాబులోంచి డాక్టరమ్మ గొంతు వినబడింది. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని ఆమె అనుమానం. నల్లగొండలో అదే నిజమని తేలింది. పది రోజులకు లచ్చయ్య తన కాళ్ల మీద తాను నడిచి వచ్చాడు. వచ్చిన రోజు కలిపిన కాల్‌లో ఆ బొచ్చె కథ మొత్తం ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. డాక్టరమ్మకు మందుల గురించి అడిగే సందే దొరకలేదు. నేను, పోచమ్మ కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాం.

దూరాన ఉన్న డాక్టరు తెరమీద కనిపించిందే చూస్తుంది. కనిపించేది రోజూ ఉండే మనిషా, మర్యాదకు సర్దుకుని కూర్చున్న మనిషా అన్నది పక్కనున్నవాళ్లే కనిపెట్టాలి. అందుకే రిటైరయ్యేదాకా కాల్ కలిపిన ప్రతిసారీ ముందు రోగి చేత వాళ్ల పని గురించి మాట్లాడించాను. రిజిస్టరులో దానికి గడి లేదు. స్కేలు పెట్టి నేనే గీసుకున్నాను.