చావు లేని చోటు

నా చిన్నప్పుడు ఒక మాటకు తప్పు అర్థం నేర్చుకున్నాను. నేర్చుకుని ఊరుకున్నా బాగుండేది. దాన్ని ఇంకొకరికి చెప్పాను కూడా. ఆ మాట విని ఒక పిల్ల ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఇది డెబ్బైల్లో సంగతి. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు.

మేము మల్కాపురంలో ఉండేవాళ్ళం. మా నాన్న హార్బర్లో తాళ్ళ పడవ మీద పనిచేసేవాడు. పెద్ద ఓడ వచ్చినప్పుడు దాని మోకులు అందుకుని గట్టుకు చేర్చే చిన్న పడవ అది. నాన్న వెనక కూర్చుని చుక్కాని పట్టేవాడు. మా వెనకింటి మావయ్య ముందు నిలబడి మోకులు అందుకునేవాడు. మావయ్య అని పిలవడమే తప్ప మాకూ వాళ్ళకూ చుట్టరికం ఏమీ లేదు. వాళ్ళు గుడికి వెళ్ళేవాళ్ళు, మేము క్రైస్తవులం, మందిరానికి వెళ్ళేవాళ్ళం. అయినా వాళ్ళిద్దరూ "బావా" అంటే "బావా" అనుకుంటూ ఒకే సైకిలు మీద డ్యూటీకి పోయేవారు. వాళ్ళమ్మాయీ నేనూ ఒకే బడి, ఒకే బెంచీ.

ఆదివారం పొద్దున్నే మందిరం వరండాలో పిల్లలకు సండే స్కూలు జరిగేది. పక్కింటి అక్క కథలు చెప్పేది. అప్పట్లో ఆమె టీచరు ట్రైనింగు చదువుతోంది. సింహాల గుహ కథ చెప్పాల్సి వస్తే తనే చాప కింద దూరి గర్జించేది. చేప మింగిన ప్రవక్త కథకు మమ్మల్నందరినీ బల్ల కిందికి తోసేది. వెనకింటి పిల్ల కూడా నాతో వచ్చేది. మొదట్లో చివర పంచే పిప్పరమెంటు బిళ్ళ కోసం వచ్చేది, తరవాత్తరవాత కథ కోసమే వచ్చేది.

ఒక ఆదివారం అక్క గాలివాన కథ చెప్పింది. ప్రభువు శిష్యులతో దోనె ఎక్కాడు. గాలి లేచింది, అలలు లోపలికి కొడుతున్నాయి. ఆయన మాత్రం దోనె అమరంలో తలగడ మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. వాళ్ళు భయపడి లేపితే లేచి గాలినీ నీళ్ళనూ గద్దించాడు. అంతా నిమ్మళించింది. నేను ఏదీ అడగకుండా ఉండలేని పిల్లను. చెయ్యెత్తి, "అమరం అంటే ఏటక్కా?" అన్నాను.

అక్క ఒక్క క్షణం తడబడింది. ఆమె చదువుకున్న మనిషే కానీ పడవ ఎక్కిన మనిషి కాదు, వాళ్ళ నాన్న రైల్వేలో గుమాస్తా. "అమరుడంటే చావు లేనివాడు కదా. అమరమంటే చావు లేని చోటు. అందుకే ప్రభువు అక్కడ అంత హాయిగా పడుకున్నాడు" అంది. ఎంత చక్కగా అతికిందో చూడండి. నాకిప్పటికీ ఆమెను తప్పుపట్టబుద్ధి కాదు. తెలియదని పిల్లల ముందు ఒప్పుకోవడం ఎంత కష్టమో తరవాత నేనూ టీచరునయ్యాక బాగా తెలిసొచ్చింది.

ఇంటికి పరిగెత్తుకొచ్చి, మీ పడవలో అమరం ఉందా అని నాన్నను అడిగాను. ఆయన అన్నం తింటున్నాడు. "ఉండకేటి? నాను కూకునేది అక్కడే కదా" అన్నాడు. నాకు అంతే చాలు. ఇంకేమీ అడగలేదు. మా నాన్నకు చావు లేదు! ఆ సంగతి ఆయనకే తెలియదు, నాకు తెలుసు. అప్పటిదాకా నాన్న డ్యూటీకి వెళ్తుంటే సైకిలు మలుపు తిరిగేవరకూ గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. ఆ రోజు నుంచి చూడడం మానేశాను.

ఆ ఏడు దీపావళి వెళ్ళాక తుఫాను పట్టింది. బడికి సెలవిచ్చేశారు. పొద్దున్నే ఎవరో వచ్చి, మోకులు తెగి ఒక సరుకుల బార్జీ కొట్టుకుపోతోంది, తాళ్ళ పడవ కావాలన్నారు. నాన్నా మావయ్యా ఆ వానలోనే సైకిలెక్కి పోయారు. మధ్యాహ్నానికి ఒక కబురు వచ్చింది. బార్జీ దొరికిందట, పడవ మాత్రం కనబడడం లేదట. వెనకింటి అత్త మా ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. మా అమ్మ చేటలో బియ్యం పోసుకుని ఏరడం మొదలుపెట్టింది. ఏరిన బియ్యమే మళ్ళీ మళ్ళీ ఏరింది.

నేను మాత్రం గచ్చు మీద అచ్చంగాయలు ఆడుకుంటున్నాను. వెనకింటి పిల్ల ఆట మానేసి నా మొహంలోకి చూసింది. "నీకు బయం నేదేటి?" అంది.

"మా నాన్నకేటవదు. అమరంలో కూకుంటాడు. అక్క సెప్పినాది కదా, అది సావు లేని సోటు."

ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "మరి మా నాన్నో?" అంది.

"మీ నాన్న ముందర కదా నిలబడతాడు" అన్నాను.

అంతే అన్నాను. కోపంతో అనలేదు, పోట్లాటలో అనలేదు. తెలిసిన విషయం చెబుతున్నానన్న గొప్పతో అన్నాను. ఆ పిల్ల చేతిలో గవ్వలు అలాగే పట్టుకుని లేచి, పెరటి వసారాలో ఉన్న మా తాతయ్య దగ్గరికి వెళ్ళింది.

మా తాతయ్య అంటే నాన్నకు నాన్న. వయసులో తెప్ప మీద వేటకు వెళ్ళినవాడు. అప్పటికి చూపు మందగించి ఇంటి పట్టునే ఉండేవాడు. చదువు రాదు, కానీ మందిరంలో చదివినదంతా విని గుర్తుపెట్టుకునేవాడు. ఆ పిల్ల ఆయన ముందు నిలబడి, "తాతా, మా నాన్నని ఎనక్కి మార్సమని సెప్పవా?" అంది. ఆయనకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగింది. మూడోసారి మాట రాలేదు, ఏడుపే వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళు పడింది.

"ఓలె గుంటా, ఇలగ రా. ఏటి సెప్పినావు దీనికి?" అని తాతయ్య నన్ను కేకేశాడు. నేను జరిగిందంతా చెప్పాను. మెచ్చుకుంటాడనే అనుకున్నాను. ఆయన ఆ పిల్లను దగ్గరికి తీసుకుని కళ్ళు తుడిచాడు. కొడుకు జాడ తెలియని ఆ ఇంట్లో భయం లేకుండా ఉన్నది నేనొక్కదాన్నే. ఆ కాస్త ధైర్యాన్నీ తన చేతులతోనే తీసేయాలి. తీయకపోతే ఈ పిల్ల గుండె పగిలేలా ఉంది. ఆ ముసలాయన ఎంత నలిగిపోయాడో నాకు పెద్దయ్యాక గాని తెలియలేదు.

"అమరం అంటే పడవకి ఎనకభాగం తల్లీ, మరేటీ కాదు. ముందరది అణియం, ఎనకది అమరం. నాను పుట్టినకాడి నుంచీ అంటన్న మాటే. మా అన్న అమరంలో కూకునే సముద్రంలో పోనాడు" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. అబద్ధమన్నాను. అక్క చదువుకుంది, నీకు చదువు రాదు, నీకేం తెలుసన్నాను. ఆ మాట అన్నందుకు ఇవాళ్టికీ సిగ్గుపడతాను. తాతయ్యకు కోపం రాలేదు. వసారాలో ఉన్న నులక మంచం వాల్చి, మమ్మల్నిద్దర్నీ ఎక్కమన్నాడు. ఆ పిల్లను ముందు కూర్చోమన్నాడు, నన్ను వెనక కూర్చోమన్నాడు. ఇదే దోనె అనుకోమన్నాడు. ముందు వైపు కోళ్ళు పట్టుకుని ఒక్కసారి ఎత్తాడు. ఆ పిల్ల దొర్లుకుంటూ వచ్చి నా మీద పడింది. దించి, వెనక్కి వచ్చి నా వైపు ఎత్తాడు. ఈసారి నేను వెళ్ళి ఆ పిల్ల మీద పడ్డాను. చప్పుడు విని వచ్చిన మా అమ్మ గుమ్మంలో నిలబడి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

"ఎనకే కూకున్నావు కదే, నువ్వెందుకు పడ్డావు? ముందర మునిగిపోతే ఎనక ఒక్కటీ తేలతాదేటి?" అన్నాడు తాతయ్య.

ఆ పిల్లకు అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది. నాకు ఏడుపొచ్చింది. మా నాన్న కూడా చచ్చిపోవచ్చని నాకు అప్పుడే అర్థమైంది. పొద్దుటి నుంచి మా అమ్మ పడుతున్న భయమంతా ఒక్కసారిగా నా మీద పడింది. మంచం పట్టె పట్టుకుని బావురుమన్నాను.

తాతయ్య మా ఇద్దరి మధ్యా వచ్చి కూర్చున్నాడు. గాలివాన కథను తన పద్ధతిలో మళ్ళీ చెప్పాడు. "ఆయన అమరంలో ఎందుకు పడుకున్నాడంటే, అలిసిపోనాడు. పడవలో నడుం వాల్చడానికి సోటుండేది అక్కడే. గట్టు మీద కూకోని 'మీరెల్లి రండి' అన్నేదాయన. ఆల్లతోపాటే ఎక్కినాడు, ఆల్లతోపాటే తడిసినాడు. గాలి ఆగినప్పుడు ఎనకోడికీ ఆగింది, ముందరోడికీ ఆగింది. ఆరోజు పక్కన ఏరే దోనెలు కూడా ఉన్నాయంట, మందిరంలో సదివినారు, మీరే ఇన్నేదు. ఆటికీ ఆగుంటాది కదా. ఆటిలో ఎవులున్నారో, ఆల్లు ఏ దేవుడికి మొక్కేవోరో ఎవులూ రాయనేదు" అన్నాడు.

"అయితే నాన్న వత్తాడా?" అని అడిగాను.

"తెల్దు తల్లీ."

తాతయ్య కళ్ళల్లో నీళ్ళు చూడడం నాకదే మొదలు. "వత్తాడని సెప్పాలని నాకూ ఉంది. ఆ ప్రబువు ఆల్లతో పడవలో ఉన్నాడన్నది మటుకు నాకు తెలుసు" అన్నాడు. తరవాత నన్ను వెనకింటి మావయ్య కోసం ప్రార్థించమన్నాడు. ఆ పిల్లను మా నాన్న కోసం అడగమన్నాడు. సొంత నాన్న కోసం అడగకూడదట, అది ఆయన పెట్టిన షరతు. "నాకు రాదు తాతా" అంది ఆ పిల్ల. "మీ అమ్మనెలగ అడుగుతావో అలగే అడుగు" అన్నాడు. అది గుళ్ళో మొక్కినట్టు చేతులు జోడించి గట్టిగా కళ్ళు మూసుకుంది.

నాకు మాత్రం చాలా కష్టమైంది. మావయ్యను కాపాడు ప్రభువా అని మొదలుపెడితే సగంలో మా నాన్న వచ్చేసేవాడు. మళ్ళీ మొదలు. మావయ్య సైకిలు వెనక సీటు మీద ఎలా కూర్చుంటాడో గుర్తు తెచ్చుకున్నాను. జీతం రోజున తెచ్చే జీళ్ళ పొట్లంలో నాకూ వాటా పెట్టడం గుర్తు తెచ్చుకున్నాను. అలా తలచుకోగా తలచుకోగా, ఆయన రాకపోతే ఈ పిల్ల ఏమైపోతుందోనని నిజంగా భయం వేసింది. అప్పుడు గాని నా ప్రార్థన కుదరలేదు.

సాయంత్రానికి గాలి తగ్గింది. దీపాలు పెట్టకముందే ఒక లారీ వచ్చి వీధి చివర ఆగింది. అందులోంచి మా నాన్న ఒక్కడే దిగాడు. చొక్కా నిండా రక్తం. వెనకింటి అత్త అరవబోతుంటే, "ఉన్నాడు, బావ ఉన్నాడు, ఆసుపత్రిలో ఉన్నాడు" అంటూ పరిగెత్తుకొచ్చాడు. మోకు బిగుసుకున్నప్పుడు మావయ్య కుడి చెయ్యి దాని కింద పడి నలిగిపోయింది. మూడు వేళ్ళు పోయాయి. పడవ వెనక్కి రాలేక యారాడ కొండ చాటున చాలాసేపు ఆగిపోయిందట.

నేను సంతోషించలేకపోయాను. నేను అడిగింది మావయ్య కోసం, దెబ్బ తగిలిందీ మావయ్యకే. మధ్యమధ్యలో మా నాన్నను తలచుకోవడం వల్లే ఇలా అయిందని నాలో నేనే కుమిలిపోయాను. నాలుగు రోజులకు మమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కట్టు కట్టిన చెయ్యి చూసి ఉండబట్టలేక, "మావయ్యా, నీ కోసం నానే అడిగినాను. సరిగ్గా అడగనేదు" అని చెప్పేశాను. తాతయ్య పక్కనే ఉన్నాడు, ఆయనే ఆ ప్రార్థన సంగతి వివరించాడు.

మావయ్య బాగున్న చెయ్యి చాపి నన్ను దగ్గరికి లాక్కున్నాడు. "సరిగ్గానే అడిగినావే. నాను పడిపోగానే మీ నాన్న సుక్కాని పడవలో కుర్రోడి సేతికి ఇచ్చీసి ముందరికి వచ్చీసినాడు. అలలు మొకం మీద కొడతంటే, ఒడ్డుకి సేరేదాకా నా మణికట్టు బిగించి పట్టుకోని అక్కడే కూకున్నాడు. ఒగ్గనేదు. ఒగ్గీసుంటే రక్తం పోయి ఆడే సచ్చిపోదును" అన్నాడు. మా నాన్న మొహమాటంగా కిటికీ బయటికి చూస్తూ, "ఎనకే కూకుంటే బావ సెయ్యి ఎవులట్టుకుంటారు?" అన్నాడు. మా మంచం సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

సంగతి విని పక్కింటి అక్క మరుసటి ఆదివారం తాతయ్యను తీసుకొచ్చి వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. తాను తప్పు చెప్పానని పిల్లలందరి ముందూ ఒప్పుకుని, పడవ భాగాల పేర్లన్నీ ఆయన చేతే చెప్పించింది. నాకు ఆమె మీద గౌరవం పెరిగింది.

నేనూ తరవాత ముప్పై ఏళ్ళు సండే స్కూలు చెప్పాను. దేవుణ్ణి నమ్మితే మీకేమీ కాదని ఏ పిల్లకూ చెప్పలేదు. నా జీవితంలో చాలానే జరిగాయి. ఆయన నా పక్కన లేడని మాత్రం ఎప్పుడూ అనిపించలేదు. కిందటేడు మా ఆయనకు గుండె ఆపరేషను చేశారు. ఆయన్ని లోపలికి తీసుకెళ్ళగానే మా మనవరాలు నా చెయ్యి పట్టుకుని, తాతయ్యకు ఏమీ కాదు కదా అని అడిగింది. కాదని చెప్పాలని నాకూ ఉంది. "తెలియదమ్మా" అన్నాను. దాన్ని దగ్గరికి తీసుకున్నాను. ఎదురు బెంచీ మీద ఎవరో ఒకావిడ ఒంటరిగా కూర్చుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తోంది. మేమిద్దరం లేచి వెళ్ళి ఆమెకు చెరో పక్కనా కూర్చున్నాం. లోపల ఉన్నది ఆమె భర్తట. ఆయన పేరేమిటని అడిగాను, మీ ఆయన కోసం ప్రార్థిస్తామని చెప్పాను. ఆవిడ భర్త పేరు చెప్పి, కళ్ళు తుడుచుకుని, మా ఆయన పేరు అడిగింది.