వైశాఖంలో పూసిన గులాబీలు

మొన్న మిట్టమధ్యాహ్నం మా కోడలు డాబా మీది గులాబీ కుండీలో చెంబెడు నీళ్లు పోస్తుంటే, ఎండలో పోస్తే వేళ్లు ఉడికిపోతాయి, పొద్దుగూకినాక పొయ్యమని చెప్పి దిగొచ్చాను గానీ, ఆ వాడిన రెమ్మను చూసినప్పటి నుంచి మా పెద్దబాపు మొహమే కళ్లలో మెదులుతోంది. ఈ వయసుకు కోపాలు చల్లారాలంటారు. నాది చల్లారలేదు.

నిజాం జమానాలో చాంద్రాయణగుట్ట దారిలో మాకో గులాబీ తోట ఉండేది. బాపుదీ, వాళ్లన్న పెద్దబాపుదీ ఉమ్మడి సొత్తే అయినా, తోటలో చాకిరీ అంతా బాపూ అమ్మా చేస్తే, పెద్దబాపు పాతబస్తీలో పూల దుకాణంలో కూర్చునేవాడు. నా చిన్నప్పుడే బాపు జ్వరంతో పోయాడు. కర్మలు ముగిశాక తోటలోకి వెళ్లబోయిన అమ్మను పెద్దబాపు కూలీల ముందే ఆపి, “ముండమోసిన చెయ్యి తగిలిన పువ్వు పెండ్లికి ఎవడు కొంటడు? పుట్టింటికి పో” అన్నాడు. బావగారి ఎదుట నెత్తి మీది కొంగు తీసి నిలబడటమే ఎరగని మనిషి అమ్మ. తాను పెంచిన చెట్ల కొమ్మలు కొన్ని కోసి, తడి గోనెలో చుట్టి చంకన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని బహదూర్‌పురాలో మా మేనమామ ఇంటికి నడిచింది.

మామకు పాడి బర్లుండేవి. వానలు పడగానే అమ్మ కొట్టం వెనక ఆ కొమ్మలు నాటింది. పడమటి ఎండ కాయకుండా వరసగా ఆముదం చెట్లు పెంచింది, బాగా మాగిన పేడ ఎరువు వేసింది, మొదళ్ల చుట్టూ గడ్డి పరిచింది, పక్కనే ఓటికుండలు పాతి తెల్లవారకముందే నింపేది, అవి ఊరుతూ సాయంత్రందాకా వేళ్లను తడిపేవి. ఎండాకాలంలో కొమ్మకు కత్తి తగలనిచ్చేది కాదు. ఆమె ఓపిక చూసి చెట్లంటే ఎంత ప్రేమో అని ఇరుగుపొరుగు మురిసేవారు. అది ప్రేమ కాదని నాకొక్కదానికే తెలుసు. ముసల్మానుల పెండ్లికొడుకులకు మొహం మీదికి వేలాడే పూల సెహ్రాలు కట్టే ముసలాయన ఒకాయన, ఏ పట్టింపూ లేకుండా మా పూలు కొనేవాడు.

అక్కడ పెద్దబాపు కూలీలు మధ్యాహ్నం నీళ్లు పెట్టి, మండుటెండల్లో కొమ్మలు కత్తిరించి తోటను ఎండబెట్టారు. సరిగ్గా అప్పుడే వైశాఖంలో ఆయన బిడ్డ పెండ్లి కుదిరింది. ఆ ఏటి ఎండలకు ఊళ్లో ఎక్కడా గులాబీ లేదు, మా కొట్టం వెనక తప్ప. పూల వ్యాపారి ఇంట్లో గులాబీ లేని పెండ్లా అని లోకం నవ్వుతుందని మా వాకిట్లోకొచ్చి నిలబడ్డాడు.

“నలుగుర్ల ఇజ్జత్ పోతది. మీ అక్కకు చెప్పు, పూలియ్యమను” అన్నాడు మామతో.

అమ్మ కొట్టంలోంచి వచ్చింది. మొదటిసారి కొంగు వెనక్కి తోసి ఆయన మొహంలోకి చూసింది.

“నా చెయ్యి తగిలిన పువ్వు పెండ్లికి పనికిరాదంటివి గద బావా. నీ బిడ్డ మంచిగుండాలె. నేనియ్య.”

ఆయన మంచినీళ్లయినా ముట్టకుండా వెళ్లిపోయాడు.

పెండ్లి రోజు పొద్దున్నే అమ్మ ఉన్న పూలన్నీ కోసింది. మనసు కరిగి పంపుతోందనుకుని నేనూ కూర్చుని దండలు గుచ్చాను. అమ్మ వాటిని తీసుకెళ్లి బర్ల మెడల్లో వేసింది.

“గిదేందక్కా?” అన్నాడు మామ.

“బర్లకు శకునాల్లేవు. ఆయన గల్లీల నుంచి మూసీకి తోలుకపో.”

కాగితం పూలు కట్టిన పందిరి ముందు నుంచి గులాబీ దండలేసుకుని బర్లు నింపాదిగా నడిచిపోతుంటే పెండ్లివారు విరగబడి నవ్వారట. పెద్దబాపు లోపలికి పోయి తలుపేసుకున్నాడట, ఆ ఏడే దుకాణం ఎత్తేశాడు. పెండ్లికూతురు నన్ను ఎత్తుకు తిప్పిన అక్క, ఆమె తలపుకొస్తే నా ప్రాణం కొంచెం గుంజింది. కానీ ఆ రాత్రి అమ్మ కడుపునిండా తిన్నది. బాపు పోయాక అలా తినగా చూడటం అదే మొదలు.

ఇప్పుడు ఎంత ఎండలోనైనా ఐసుపెట్టెల్లో గులాబీలు దిగుతున్నాయి, వాసన లేకపోయినా ఎవరికి కావాలంటే వారికి దొరుకుతున్నాయి. మంచిదే. పుస్తె తెగినదాన్ని పందిరి దగ్గరికి రానివ్వని పెండ్లిండ్లు మాత్రం ఇంకా చూస్తూనే ఉన్నాను. ఆమెను ఆపిన మనిషికి, ఏదో ఒకనాడు ఆమె వాకిట్లోనే చెయ్యి చాచి నిలబడాల్సిన గతి ఇప్పుడు రావడం లేదు.