బరువుల రోజు, మ్యాట్ రోజు, ఖాళీ రోజు

డిగ్రీ చదివే రోజుల్లో నన్ను జూడోలో వరసగా రెండేళ్లు ఒకే అమ్మాయి ఓడించింది. తొంభైల మధ్యలో మాట. మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో పనిచేసేవారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఉక్కునగరం క్వార్టర్స్‌లో స్థిరపడ్డాం. ఆ అమ్మాయిది సముద్రపుటొడ్డున జాలరిపేట. వాళ్ల నాన్న పడవ మీద వేటకు వెళ్లేవాడు. ఇద్దరం ఊళ్లో ఒకే హాల్లో, ఒకే సార్ దగ్గర నేర్చుకునేవాళ్లం. ఇద్దరి బరువూ యాభై రెండు కిలోలలోపే కావడంతో, ఒకే బరువు విభాగంలో పడి, జిల్లా ఎంపికల్లో ప్రతిసారీ తనే ఎదురయ్యేది. ప్రతిసారీ తనే రాష్ట్ర పోటీలకు వెళ్లేది.

నాకు మింగుడుపడనిది ఏమిటంటే, తను వారానికి రెండు మూడు సాయంత్రాలే గట్టిగా ప్రాక్టీస్ చేసేది. మిగతా రోజుల్లో కాసేపు అడుగులు వేసి, దెబ్బ తగలకుండా కింద పడటం సాధన చేసి, గోడకు జారబడి కూర్చునేది. నేను వారంలో ఐదు రోజులూ జూడో జాకెట్టు పిండితే చెమట కారేలా ఆడేదాన్ని. తనకు బద్ధకం అనుకున్నాను. సార్‌కు తనంటే ముద్దు అని కూడా అనుకున్నాను.

రెండోసారి ఓడిపోయాక, నాకున్న లోటు బలమేనని తేల్చుకున్నాను. మా క్వార్టర్స్ దగ్గర ఒక జిమ్ ఉండేది. ఆడవాళ్లెవరూ అటు వెళ్లేవారు కాదు. నాన్న వెళ్లి అడిగితే, మధ్యాహ్నం రెండింటికి ఎవరూ ఉండరు, అప్పుడు పంపండి అన్నాడు దాన్ని చూసుకునే పెద్దాయన. నేను లోపల ఉన్నంతసేపూ తలుపులు బార్లా తెరిచి, బయట బెంచీ మీద పేపరు చదువుతూ కూర్చునేవాడు. బరువుల ఇనుప బార్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం, నేల మీద నుంచి నడుము వంగకుండా ఎత్తడం మొదట్లో ఆయనే దగ్గరుండి నేర్పాడు. రోజు విడిచి రోజు చెయ్యమన్నాడు. నేను రోజూ వెళ్లాను. ఆదివారం కూడా వదల్లేదు.

మొదటి రెండు నెలలూ గాల్లో తేలాను. గ్యాస్ సిలిండర్ ఒక్కదాన్నే ఎత్తి వంటింట్లో పెడితే అమ్మ తిట్టింది కానీ, పక్కింటావిడకు గొప్పగా చెప్పుకుంది. మూడో నెలలో తేడా వచ్చింది. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకునేవి కావు. క్లాసులో పెన్ను జారిపోయేది. ఇంటికొచ్చే బస్సులో నిద్రపోయి, దిగాల్సిన స్టాపు దాటిపోయి డిపోలో లేచాను. అలా రెండుసార్లు జరిగింది. ఇంకా కష్టపడాలి కాబోలు అనుకుని బార్‌కు మరో రెండు బిళ్లలు తగిలించాను.

ఆ వారమే హాల్లో తను నన్ను వరసగా ఆరుసార్లు ఎత్తి పడేసింది. ఏడోసారి నా కాలరు పట్టుకున్నదల్లా వదిలేసింది.

"ఏటే, నీ సేతుల్లో పట్టు నేదు. ఒంట్లో బాగోనేదా?" అంది.

బాగానే ఉన్నానని చెప్పి, నేను చేస్తున్నదంతా ఏకరువు పెట్టాను. చెప్తున్నప్పుడు కొంచెం గర్వంగానే ఉంది.

"మరి కాలీ రోజేది?"

లేదన్నాను. పక్కనే ఉన్న సార్ అది విన్నారు. నా చేతివేళ్లు ఒక్కొక్కటే వంచి చూసి, పది రోజుల దాకా మ్యాట్ మీద కనిపించొద్దు, బార్ కూడా ముట్టుకోవద్దు అన్నారు. పెద్ద గొంతుతో కూడా అనలేదు. నేను బస్సెక్కి గాజువాక దాకా ఏడుస్తూనే ఉన్నాను.

ఆ రోజే, హాల్లోంచి వచ్చేటప్పుడు తను, ఆదివారం తెల్లారేసరికి ఫిషింగ్ హార్బరుకు రమ్మంది. ఎందుకో చెప్పలేదు. కోపంగా ఉన్నా, ఇంట్లో ఏమీ తోచక వెళ్లాను.

అక్కడ పడవల నుంచి దింపిన చేపలు వేలంపాటకు పెడుతున్నారు. తనూ వాళ్లమ్మా పాటలో కొన్న సరుకు రెండు గంపల్లోకి సర్దారు. సరదాగా ఒకటి నా తల మీద పెట్టమన్నాను. గేటు దాకా నడిచేసరికి మెడ వణికింది. తను అదే గంప ఎత్తుకుని, వెనక్కి తిరిగి కబుర్లు చెబుతూ గేటు బయటి ఎత్తు రోడ్డు ఎక్కేసింది. వాళ్లమ్మకు మెడనొప్పి వచ్చిన దగ్గర్నుంచి, అంటే పదో తరగతి నుంచి, వారానికి నాలుగు రోజులు తనే ఆ గంపతో కాలనీలన్నీ తిరుగుతోంది. ఆ సంగతి హాల్లో సార్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

"గంప మోసిన రోజు నాను ఎవర్నీ ఎత్తి పడీను. అడుగులేసుకుని కూకుంటాను. సార్‌కి ముందే సెప్పీసేను," అంది.

గోడకు జారబడి కూర్చున్న తన మీద ఇన్నాళ్లూ నేను అనుకున్నవన్నీ గుర్తొచ్చి, తల ఎత్తలేకపోయాను. క్షమించమని అడగడం ఎలాగో తెలియక, చేపలు అమ్మిన ప్రతి ఇంటి దగ్గరా గంప దించడానికి సాయం పట్టాను.

పదింటికి వాళ్లింటికి వెళ్లాం. వాళ్లమ్మ చేపల పులుసు, అన్నం పెట్టింది. ఈ పది రోజులు అయ్యాక రెండింతలు చేసి సరిపెట్టేస్తానని నేనంటే, ఆవిడ నా కంచంలో ఇంకో గరిటె పులుసు పోసింది.

"మొన్న మానీసిన నిద్రకి రేపు రెండు రాత్రులు పడుకుంటావేటమ్మా? ముందు తిను," అంది.

తిన్నాక ఇద్దరం చాప మీద ఒరిగాం. లేచేసరికి సాయంత్రం నాలుగు. ఎన్ని వారాల తర్వాతో నా వేళ్లు పూర్తిగా ముడుచుకున్నాయి.

పది రోజుల తర్వాత సార్ నాచేత నోటుబుక్కులో వారం పట్టిక గీయించారు. రెండు రోజులు బరువులు, మూడు రోజులు మ్యాట్, రెండు రోజులు ఖాళీ. మొదట్లో ఆ ఖాళీ రోజులే కష్టంగా గడిచాయి. మధ్యాహ్నం పడుకుంటే అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసేది. నాకేమో వెనకబడిపోతున్నానని గుండెల్లో గుబులు. కానీ బార్ మీద బరువు మెల్లగా పెరిగింది, మ్యాట్ మీద చేతిపట్టు ఆఖరి నిమిషం దాకా నిలిచింది. తనతో ఆడుతూ ఒకసారి కాలు మెలేసి పడేశాను. పడిన చోటే పడుకుని తను నవ్వింది.

ఆ ఏటి ఎంపికలకు ముందు కాటా ఎక్కితే, నేను యాభై నాలుగు దాటాను. రెండేళ్లుగా తనను ఓడించాలనే తపన. వారం రోజులు పస్తుంటే పాత విభాగంలోకే దిగొచ్చు అనిపించింది. తనతో అదే అన్నాను.

"తిండి మానీసి నా మీదకొస్తావేటే? పైకెల్లిపో. ఇద్దరం ఎల్దాం," అంది.

పై విభాగంలో ఆడాను. ఫైనల్లో నాకంటే పొడుగాటి అమ్మాయిని కింద అదిమిపట్టి, సార్ పక్కనుంచి సెకన్లు లెక్కపెడుతుంటే ఒక్క వేలు కూడా సడలనివ్వలేదు. రాష్ట్ర పోటీలకు ఇద్దరం ఒకే రైల్లో వెళ్లాం. నేను మొదటి రౌండులోనే ఓడిపోయాను. తను కాంస్యం తెచ్చింది. తిరుగు ప్రయాణంలో ఆ పతకం ఇద్దరం మార్చి మార్చి మెడలో వేసుకున్నాం.

రెండు వేల సంవత్సరం దాటాక నేను ఒక స్కూల్లో వ్యాయామ టీచర్‌గా చేరాను. తను పెళ్లయ్యాక కూడా పేటలోనే ఉంది. అక్కడి కమ్యూనిటీ హాల్లో ఆడపిల్లలకు జూడో మొదలుపెట్టింది. శనివారాలు నేనూ వెళ్లి బరువులెత్తడం నేర్పేదాన్ని. కొత్తగా చేరిన ప్రతి పిల్లనూ, ఇంట్లో నీళ్లు ఎవరు మోస్తారు, ఏ రోజుల్లో మోస్తారు అని ముందుగా అడిగి, ఆ తర్వాతే దానికి వారం గీసేవాళ్లం. మూడో ఏడు మా పిల్లలు నలుగురు జిల్లా ఎంపికల్లో నెగ్గారు, నలుగురూ నాలుగు వేర్వేరు విభాగాల్లో.