ముందే వెలిగించిన పచ్చలైటు

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. అన్నం ముందు కూర్చున్నా అదే గుర్తొస్తుంది. నా పేరు చెప్పను, ఆ మాత్రం ధైర్యం కూడా లేదు. మీరు నన్ను అసహ్యించుకోండి, కానీ చివరిదాకా చదవండి.

మాది శ్రీకాకుళంలో వలలూ తాళ్లూ అమ్మే కొట్టు. శ్రీకూర్మం అవతల తీరంలో వేటకెళ్లేవాళ్లు చాలామంది మా నాన్న దగ్గరే కొంటారు. నేను కంప్యూటర్ చదువు చదివి, వాళ్లకోసం ఒక యాప్ రాశాను. సముద్రంలో టవర్ ఉండదు కదా. పడవకి బిగించిన చిన్న రేడియో పెట్టె ద్వారా ఒక ఫోను ఇంకో ఫోనుతో నేరుగా కలుస్తుంది, మధ్యలో ఎవరూ ఉండరు. ఆపదొస్తే ‘సాయం’ అన్న బటన్ నొక్కాలి. చుట్టుపక్కల పడవలకి కబురు వెళుతుంది, అక్కడ ఫోన్ ఆపేసి ఉన్నా వాటి పెట్టె మోగుతుంది.

అయితే అది మొదలవడానికే మూడు నిమిషాలు పట్టేది. పాత జాబితాలో ఉన్న పడవలన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటి పిలిచేది, ఒడ్డున ఉన్నవాటి జవాబు కోసం కూడా కాచుకునేది. వాళ్లేమో ఉప్పునీళ్లు తగులుతాయని ఫోన్ ఆపేసి, ప్లాస్టిక్ కవరులో చుట్టి దాస్తారు. పనిపడితే తీసి నొక్కుతారు, వెంటనే ఆపేసి మళ్లీ చుట్టేస్తారు. ఇది లేచేలోపు వల లాగడం కూడా అయిపోతుందని మా కొట్టు ముందే నవ్వుకునేవారు. నాకు ఒళ్లు మండేది.

అన్ని పడవల్నీ ఒకేసారి పిలిచి, ఈమధ్య కనిపించినవాటిని ముందు వెతికితే సరిపోయేది. పదిరోజుల పని. ఆ వారమే అధికారులెవరో చూడటానికి వస్తున్నారు. నేనేం చేశానో తెలుసా? తెరవగానే ‘కలిసింది’ అని పచ్చలైటు వెలిగేలా ఒక్క లైను మార్చాను. లోపల వెతుకులాట అలాగే మూడు నిమిషాలు సాగేది. ఆలోగా ఫోన్ ఆపేస్తే కబురు ఎవరికీ చేరదు. వాళ్లు నొక్కగానే ఆపేస్తారని నాకు తెలుసు. తెలిసే చేశాను. అధికారులు మెచ్చుకుని శాలువా కప్పితే సిగ్గులేకుండా నవ్వాను. ఛీ.

అప్పన్నా, అతని అక్క నూకాలు భర్త ఎర్రయ్యా ఒకే పడవలో వేటకి వెళ్లేవారు. ఒకరోజు పొద్దున్న సముద్రంలో ఎర్రయ్య గుండె పట్టుకుని పడిపోయాడు. అప్పన్న యాప్ తెరిచాడు, పచ్చలైటు చూశాడు, నొక్కాడు, ఫోన్ ఆపి చుట్టేశాడు. దగ్గర్లో పెద్ద ఇంజన్ల పడవలు రెండున్నాయి, అవి వచ్చి త్వరగా ఒడ్డుకి చేరుస్తాయని కూర్చున్నాడు. పచ్చలైటు లేకపోతే ఆగేవాడా? తన పడవే తిప్పేవాడు. ఎవరూ రాలేదు. ఎర్రయ్య అతని ఒళ్లోనే పోయాడు.

ఒడ్డుకి తేకుండా ఎందుకు కూర్చున్నావని నూకాలు తమ్ముణ్ని అందరిముందూ నిలదీసింది. తమకి కబురే రాలేదని ఆ రెండు పడవలవాళ్లూ అన్నారు. అప్పన్న అక్కని వెంటబెట్టుకుని మా కొట్టుకొచ్చాడు. ఫోన్ నా చేతిలో పెట్టాడు.

“పచ్చలైటు ఎలిగింది బాబూ. నొక్కినాను. వస్తారు కదాని మా బావ తల ఒళ్లో ఎట్టుకుని కూకున్నాను. మా అప్పకి నువ్వే సెప్పు.”

అప్పుడే చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. ఫోన్ని అటూ ఇటూ తిప్పి, ఏదో వెతికినట్టు నటించాను.

“ఇందులో ఏటీ లేదప్పన్నా. కంగారులో నొక్కి ఉండవు.”

నూకాలు తమ్ముడి మొహం కూడా చూడకుండా వెళ్లిపోయింది. అతను నాతో గొడవపడతాడనుకున్నాను. పడలేదు. తన బొటనవేలి వంక చూసుకుని, “నొక్కనేదేటో మరి” అన్నాడు. తన వేలికంటే నా మాటే ఎక్కువ నమ్మాడు. ఇది తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ తర్వాత పదిరోజులు కూర్చుని నిజంగానే సరిచేశాను. ఇప్పుడు యాప్ చిటికెలో మొదలవుతుంది, నిజంగా కలిశాకే పచ్చలైటు వెలుగుతుంది. ఇంత చిన్న పనికి ముందే ఎందుకు కూర్చోలేదు? బద్ధకమా, పొగరా? రెండూ అనుకుంటాను. అప్పన్న వేట మానేశాడు. నూకాలు అతన్ని గడప తొక్కనివ్వదు. బావని తానే చంపుకున్నానని అతను ఈరోజుకీ నమ్ముతున్నాడు.

అతనికి ఇంకా చెప్పలేదు. ఎదురుపడితే రోడ్డు దాటి అవతలికి పోతాను. మీ ముందైనా ఒక్కసారి అననివ్వండి. అప్పన్న నొక్కాడు. నొక్కలేదని అబద్ధమాడింది నేను. ఇది రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అలా ఆడుతున్నందుకు కూడా సిగ్గుగా ఉంది.