చేపల బుట్టకి కాగితం మూత

ఎవరైనా ఆర్ట్ గురించి లెక్చరిస్తే నాకు మా ఓనర్ ఆంటీయే గుర్తొస్తారు. అమెరికాలో, పిస్కాటవేలో చదువుకునేటప్పుడు నేను వాళ్ళింట్లోనే అద్దెకుండేవాణ్ణి. ఆవిడ పక్కింటి ఆమ్లెట్ వాసనకే కిటికీలు మూసేసే మనిషి. అలాంటి ఇంటికి అంకుల్ మ్యూజియం షాప్ నుంచి ఓ డచ్ పెయింటింగ్ ప్రింట్ కొనుక్కొచ్చి, సరిగ్గా డైనింగ్ టేబుల్ ఎదురుగా తగిలించారు. ఒడ్డుకి చేరిన పడవ, మోకాలిలోతు నీళ్ళలో బుట్ట మోసుకొస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు, బుట్ట నిండా చేపలు.

"ఆర్టోయ్ అది," అన్నారు అంకుల్.

"ఆర్టయితే మాత్రం, అన్నం ముందు చేపలేంటండీ?"

ఆంటీ బ్రౌన్ పేపర్ సంచీని బుట్ట ఆకారానికి కత్తిరించి, చేపలు కనబడకుండా ఫ్రేము అద్దం మీద అంటించేశారు. సాంబారు ఆవిరికి అది ఊడినప్పుడల్లా, మొహం పక్కకి తిప్పుకుని తడుముకుంటూ మళ్ళీ అంటించేవారు. ఆ ఆడవాళ్ళని మాత్రం తెగ చూసేవారు. బయట మంచు పడితే మరీను. "ఆ చిన్నదాని చేతులు చూడు, ఎలా కందిపోయాయో! ఒంటి మీద స్వెట్టరైనా లేదు," అని నాకు పెరుగు వేస్తూ బాధపడేవారు.

ఓ ఆదివారం భోజనానికొచ్చిన అంకుల్ ఫ్రెండ్ ఆ బొమ్మ చూసి, "పాపం, ఇంత కష్టపడీ ఖాళీ బుట్టతో వస్తున్నారే!" అన్నారు.

ఆంటీకి చురుక్కుమంది. గరిటె పక్కన పెట్టి, గోడ దగ్గరికెళ్ళి ఆ కాగితం పీకేశారు.

"ఖాళీ ఏంటండీ? సరిగ్గా చూడండి. బుట్ట నిండా పడ్డాయి!"