ఎర్ర బాణాలు

షర్టుల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ డేగకన్ను అంటారు. కుట్టిన షర్టు తన బల్ల మీదికి రాగానే కాలరు, జేబు, చేతులు, పక్క కుట్లు వరసగా చూస్తుంది. తప్పున్న చోట ఎర్ర బాణం స్టిక్కరు అంటిస్తుంది. ఆ షర్టు కుట్టినవాళ్ళ దగ్గరికే వెనక్కి పోతుంది. తొమ్మిదేళ్ళలో ఆమె సరేనన్న షర్టు ఒక్కటీ తిరిగి రాలేదు.

ఇప్పుడు ఆమెకు ఏడో నెల. స్కానింగులన్నీ బాగున్నాయి. రక్తం బాగుంది, బరువు బాగుంది. ఏదో ఒక కారణం ఉన్నా బాగుండేది, దాన్ని పట్టుకుని ఏడ్చేది. ఏ కారణమూ లేకుండానే పొద్దున కళ్ళు తెరవగానే గుండె దడదడలాడుతోంది. ముద్ద గొంతు దిగడం లేదు.

"ఏం కాదులే," అంటాడు భర్త, చెప్పులు వేసుకుంటూ.

"మేం కనలేదా? నలుగురిని కన్నాను, ఒక్కసారైనా మంచమెక్కానా?" అంటుంది అత్తగారు.

క్లినిక్‌లో నర్సు బరువు చూసి, "ఇంకేమైనా ఇబ్బందా అమ్మా?" అని అడుగుతుంది. "ఏం లేదండి," అంటుంది ఆమె. ఉందంటే నర్సు కార్డు మీద రాస్తుంది. కార్డు ఇంట్లో అద్దం పక్కన వేలాడుతుంది, అత్తగారు చదువుతుంది. మతి సరిగా లేనిదాని చేతిలో బిడ్డను ఎవరు పెడతారు?

ఒకరోజు కాలర్లు కుట్టే అక్క షర్టుల కట్టను తెచ్చి బల్ల మీద పడేసింది.

"ఏమే డేగకన్నూ, ముప్పైకి ముప్పై నా మొహాన కొట్టావు! నా కాలర్లకేం రోగమొచ్చిందే?"

"వంకరగా ఉన్నాయక్కా."

"ఏదీ, చూపించు."

ఆమె పై షర్టు తీసింది. బాణం చూపిన చోట కుట్టు గీత గీసినట్టు ఉంది. రెండోది చూసింది. మూడోది చూసింది. బాణాలు ఉన్నాయి, తప్పులు లేవు. లేవబోతుంటే చున్నీ జారింది.

పొట్ట మీద, కుర్తాకు, పదకొండు ఎర్ర బాణాలు.

"ఇవేంటే?"

"బిడ్డ కదిలినప్పుడల్లా ఒకటి పెడుతున్నా. మధ్యాహ్నం నుంచి పదకొండు. నిన్న ఈపాటికి పద్నాలుగు."

అక్క కోపం ఎక్కడికక్కడ ఆగిపోయింది. గొంతు తగ్గించింది.

"మనం బాణం ఎక్కడ పెడతామే?"

"తప్పున్న చోట."

"మరి వాడేం తప్పు చేశాడు?"

ఆమె కళ్ళనీళ్ళు షర్టు మీద పడబోతే అక్క కట్టను పక్కకు లాగింది. "మరక పడితే అదీ నా ఖాతాలోనే రాస్తావు," అంది. తర్వాత ఒక్కొక్క బాణమే ఊడదీసి తన వేళ్ళకు అంటించుకుంది. "నా రెండోవాడప్పుడు నేనూ ఇంతే. పురుగులున్నాయని మంచినీళ్ళన్నీ కాచి కాచి ఇంట్లోవాళ్ళ ప్రాణాలు తీశాను. పద క్లినిక్‌కి, నేనొస్తా."

నర్సు బరువు చూసింది. కదలికలు చూసింది, బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. "ఇంకేమైనా ఇబ్బందా అమ్మా?"

ఏం లేదండి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. తలుపు దగ్గర అక్క చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"భయమేస్తోందండి," అంది ఆమె. "ఎప్పుడూ." కాస్త ఆగి, "కార్డు మీద రాయకండి. బిడ్డను నాకివ్వరు," అంది.

నర్సు కలం కింద పెట్టింది. "అలా అని ఎవరన్నారు?"

ఆమె ఆలోచించింది. ఎవరూ అనలేదు.

"ఈ కుర్చీలో కూర్చుని ఈ మాట చెప్పినవాళ్ళు చాలామంది. పిల్లల్ని ఎత్తుకునే ఇంటికి వెళ్ళారు. కదలిక తగ్గిందనిపిస్తే ఆగకు, ఏ వేళైనా వచ్చెయ్. ఇక ఈ భయం సంగతి, దీని గురించి మాట్లాడటానికీ మనిషి ఉంది ఇక్కడ. గురువారం గురువారం వస్తుంది."

ఆ మనిషి మెల్లగా మాట్లాడే పెద్దావిడ. మొదటి గురువారం ఆమె ఆవిడ ముందు ఏడ్చి వచ్చేసింది. మూడో గురువారం భర్తను వెంట తీసుకెళ్ళింది. ఏం కాదులే అనకుండా కూర్చోవడం అతనికి కష్టమైంది, కాని కూర్చున్నాడు. ఆమె సరేనన్నాక కార్డు మీద నర్సు భయం గురించి రెండు ముక్కలు రాసింది. అత్తగారు అద్దం ముందు నిలబడి చదివింది. మర్నాటి నుంచి కోడలికి ముద్ద దిగేదాకా పక్కనే కూర్చుంటోంది.

భయం పోలేదు. పొద్దున్నే వస్తుంది.

ఆరో గురువారం మర్నాడు బల్ల మీదికి ఒక షర్టు వచ్చింది. కాలరు చూసింది. బాగుంది. మళ్ళీ చూసింది. బాగుంది. చెయ్యి స్టిక్కర్ల చుట్ట మీదికి పోయి ఆగింది. షర్టును మంచివాటి దొంతరలో పెట్టింది. పొట్ట మీద చెయ్యి వేసింది. కదలిక లేదు. కొంచెంసేపు ఆగింది. లోపల మెల్లగా ఒక పక్కకు ఒత్తిగిలినట్టైంది.

ఇంకో షర్టు అందుకుంది.